ఏసీ మెకానిక్ గారింట్లో గాలి

పెళ్ళయిన కొత్తలో ఆయన ఆవిడకి ఒకే ఒక్క మాట ఇచ్చాడు. "వచ్చే ఎండాకాలానికి మనింట్లో ఏసీ." ఆ వచ్చే ఎండాకాలం ఏటేటా వస్తూనే ఉంది, ఏసీ మాత్రం రాలేదు.

పోనీ ఆయనకి చేతకాని పనా అంటే కాదు. ఆయన ఏసీ మెకానిక్. ఊళ్ళో సగం గోడలకి వేలాడుతున్న మిషన్లు ఆయన చేతుల మీదుగా ఎక్కినవే. ఎండ ముదిరిందంటే ఆయనకి ఇంటి ధ్యాస ఉండేది కాదు. "ఉడికిపోతున్నామండీ, కాస్త మా మొహం చూడండీ" అని ఎవరో ఒకరు ఫోన్లో మొరపెట్టుకోవడం, ఆయన నిచ్చెన భుజాన వేసుకుని పరిగెత్తడం. తీరిక దొరికేసరికి వానలు పడేవి. వానల్లో ఏసీ ఎవరిక్కావాలి?

ఆవిడ పరదాలు కుట్టేది. వీధిలో అందరూ పరదాలావిడ అనేవారు, ఆ పిలుపే ఆవిడకీ అలవాటైపోయింది. వాళ్ళు అద్దెకున్నది మూడో అంతస్తులో, పైన డాబా తప్ప ఇంకేమీ లేదు. పగలంతా ఎండ తాగిన స్లాబు సాయంత్రమయ్యేసరికి తాగిందంతా ఇంట్లోకి కక్కేది. ఫ్యాను వేద్దామంటే కొలిచి, సుద్దతో గీసి పరుచుకున్న గుడ్డ కాస్తా లేచి మొహాన పడేది. ఆపేద్దామంటే చెమట బొట్లు కారి గుడ్డ మీద మచ్చలు. లేతరంగు పరదా కుట్టే రోజున ఆవిడ మణికట్లకి తువ్వాళ్ళు చుట్టుకుని కూర్చునేది. పక్కన ఇస్త్రీపెట్టె సెగ సరేసరి.

అలా నెట్టుకొచ్చి నెట్టుకొచ్చి, చివరికి కొత్తగా వెలిసిన ఒక కాలనీలో సొంత స్థలం కొనుక్కున్నారు. రిబ్బను ముక్కలా సన్నగా, పొడుగ్గా ఉందది. అయినా ఆవిడకి మహారాజుల కోటలా కనిపించింది. కొన్న రోజే ఆవిడ మనసులో ఏసీలు బిగించేసుకుంది. హాల్లో ఒకటి, పడకగదిలో ఒకటి, కుట్టుమిషన్ గదిలో ఒకటి. వీధివైపు నిలువెత్తు అద్దం. ఆ వీధి మలుపులోనే ఉండే ఒకావిడ ఇల్లు అలాగే ఉంటుంది, పైనుంచి కిందదాకా తళతళలాడుతూ. ఆ అద్దాలింటావిడ పరదాలావిడకి పాత ఖాతాదారు కూడాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన గొంతు సవరించుకున్నాడు.

"కొత్తింట్లో ఏసీ వద్దనుకుంటున్నానోయ్."

ఆవిడ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఏమన్నారూ?"

"నాకు ఏసీ గదిలో నిద్ర పట్టదే. కళ్ళు మూసుకోగానే చెవులు తెరుచుకుంటాయి. దీని బేరింగు అరిగింది, దాని స్టాండు బోల్టు వదులైంది అని లోపల ఒకటే గోల. మీ తమ్ముడి పెళ్ళికెళ్ళి హోటల్లో దిగామే, గుర్తుందా? పొద్దున్నే లేచి మేనేజరుకి చెప్పి మరీ వచ్చాను."

"చెప్పి రాలేదు, విప్పి బాగుచేసి వచ్చారు. పెళ్ళిబట్టలకి నూనె మరకలు. నాకెందుకు గుర్తుండదూ?"

"అదే చెప్తున్నా. రోజంతా ఆ చప్పుళ్ళతోనే బతుకు. ఇంటికొచ్చాక కూడా అవేనా?"

"మరి నా బతుకో? రోజంతా కొలిమిలో కూచుని కుడుతున్నానే, నాది బతుకు కాదా?"

ఆయన తెలివిగా ఆవిడ అక్క కూతురికి ఫోన్ చేశాడు.

ఆ అమ్మాయి ఇళ్ళకి ప్లాన్లు గీసే చదువు చదివి, ఓ ఆఫీసులో పనిచేస్తోంది. పిల్లల్లేని ఆ దంపతులకి ముద్దూ మురిపెమూ అన్నీ అదే. చిన్నప్పుడు సెలవులన్నీ ఆ మూడో అంతస్తులోనే గడిపింది కాబట్టి వేడి గురించి దానికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఆదివారం పొద్దున్నే కాయితాల చుట్ట చంకన పెట్టుకుని దిగింది. పిన్ని గుడ్డలు కత్తిరించే బల్ల మీదే కాయితం పరిచి, ఎగిరిపోకుండా ఓ మూల కత్తెర, ఓ మూల టేపు పెట్టింది.

"ఇదిగో పిన్నీ, వీధి మనకి పడమర. సాయంత్రపు ఎండంతా ఇటే కొడుతుంది. అందుకని మెట్లు, బాత్రూము, సామాన్ల గది ఇటు పెట్టేశాను. ఎండ వాటితో తలపడనీ, మనం వెనక హాయిగా ఉందాం."

"ఇంటి మొహాన బాత్రూమా? చూసేవాళ్ళేమనుకుంటారే? ఇల్లు కట్టుకున్నారా, వీధికి వీపు చూపిస్తున్నారా అనరూ?"

"మొహం ఉంది పిన్నీ. ఎండకి పక్కకి తిప్పుకుంది, అంతే."

బాబాయి కిసుక్కున నవ్వి, ఆవిడ చూపు తగలగానే దగ్గుగా మార్చుకున్నాడు.

పిల్ల చెప్పుకుపోయింది. ఎండాకాలం గాలి దక్షిణం నుంచి వీస్తుంది కాబట్టి అటు కిటికీలు కిందుగా, ఉత్తరాన పైకి. చల్లగాలి కిందనుంచి వచ్చి, వేడెక్కి, పైనుంచి పోతుంది. మెట్ల మీద పొగగొట్టంలా ఎత్తుగా ఒక గది, దానికి చుట్టూ చిల్లుల గోడ, ఇంట్లో వేడంతా అక్కణ్ణుంచి బయటికి. కిటికీలకి వెడల్పాటి సన్‌షేడ్లు. డాబా మీద తెల్ల పెంకుముక్కలు పరిస్తే ఎండ వచ్చిన దారినే పోతుంది.

"అన్నీ గాలి కబుర్లే," అంది పిన్ని.

"అవును పిన్నీ, అచ్చంగా గాలి కబుర్లే!" అంది పిల్ల, ఏమాత్రం నొచ్చుకోకుండా.

వాదన సాయంత్రందాకా సాగింది. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. పడకగదిలో ఏసీకి వైరు లాగించి, పైపుకి గోడలో కన్నం వదిలి, బయట స్టాండుకి ఇనప బ్రాకెట్లు కూడా బిగించి ఉంచుతారు. ఒక్క ఎండాకాలం చూస్తారు. ఆవిడ వద్దంటే వద్దు, కావాలంటే మర్నాడే ఏసీ. ఆఖరి మాట ఆవిడదే.

"చూడండి, నా మాటే ఆఖరన్నారు. మళ్ళీ వచ్చే ఎండాకాలం అనకూడదు."

"అనను," అన్నాడాయన బుద్ధిగా.

ఇల్లు లేచింది. పునాదుల నాడు మూతి ముడుచుకున్న ఆవిడ, గోడలు లేచేకొద్దీ రోజుకో వంకతో వచ్చి చూసి వెళ్ళడం మొదలుపెట్టింది. మిషన్ గది ఆవిడకి అనుకోని బహుమతి అయింది. ఉత్తరం కిటికీలోంచి వచ్చే వెలుగు కళ్ళలో పొడవకుండా, నీడ పడకుండా గుడ్డ మీద సమంగా పరుచుకునేది. ఆ వెలుగులో నీలం నీలంలాగే కనిపించింది. ఇన్నేళ్ళూ ముదురు నీలం దారానికీ నల్లదారానికీ తేడా తెలియక మెట్లు దిగి వీధిలో నిలబడి చూసుకునేది పాపం. అయితే ఈ సంతోషం ఆవిడ పైకి చెప్పలేదు. చెబితే ఏసీ చేజారిపోతుందని భయం.

చల్లటి నెలల్లో ఇంట్లో దిగారు. దిగిన రోజునుంచీ ఆవిడ ఖాతాదారుల పనులు పక్కనపెట్టి, జీవితంలో మొదటిసారి తనకోసం పరదాలు కుట్టుకుంది. ఎవరింట్లోనూ లేనట్టు, చూసినవాళ్ళ కళ్ళు చెదిరేట్టు. పైన బరువైన ముదురాకుపచ్చ గుడ్డ, వెనక దళసరి లైనింగు, కింద అంచులో బరువుకి సీసపు గుళ్ళు. పైకప్పు నుంచి నేలదాకా, కిటికీకి రెట్టింపు వెడల్పుతో ఒత్తుగా కుచ్చులు. కిందుగా ఉన్న కిటికీలకీ వేసింది, ఎత్తున ఉన్న వెంటిలేటర్లకీ వేసింది. చిల్లుల గోడ బోసిగా ఉందని దానికీ ఒకటి తగిలించింది. అద్దాలింటావిడ వచ్చి చూసి, "నాకు కుట్టినప్పుడు ఈ పనితనం ఎక్కడ దాచారండీ?" అని మూతి తిప్పుకుంది. పరదాలావిడకి ఆ పూట అన్నం కూడా అక్కర్లేకపోయింది.

ఎండాకాలం వచ్చింది.

ఇల్లు పాత మూడో అంతస్తంత ఘోరంగా లేదు. అలాగని పిల్ల ఊరించినట్టూ లేదు. మధ్యాహ్నాలు ఉక్కగా, మూతపెట్టిన డబ్బాలా ఉండేది. సాయంత్రం బయట చెట్లు ఊగుతుంటే లోపల ఆకు కదిలిన జాడ లేదు. ఆవిడ గెలిచింది. గెలిచినందుకు గంతులేయాలి కదా, ఎందుకో రాలేదు. పిల్ల మొహం గుర్తొచ్చి గుండెలో కలుక్కుమంది. అయినా మాట మాటే.

"ఏమండీ, చూశాం కదా. ఇక ఏసీ తెప్పించండి."

ఆయన తల గోక్కున్నాడు. పరదాల వంక ఒకసారి, ఆవిడ వంక ఒకసారి చూశాడు. ఏదో అనబోయి మింగేశాడు. "అమ్మాయిని ఒక్కసారి రానీ. తర్వాత నీ ఇష్టం."

పిల్ల ఆదివారం మిట్టమధ్యాహ్నం వచ్చింది. గుమ్మంలో అడుగు పెట్టగానే మొహం వాడిపోయింది. "ఇలా ఉండకూడదే..." అని గొణుక్కుంటూ గదిగదికీ తిరిగింది. తర్వాత దోమలబత్తి ఒకటి అడిగి పుచ్చుకుని వెలిగించింది.

"పట్టపగలు దోమలేమిటే?"

"దోమలకి కాదు పిన్నీ. గాలి మనకి కనపడదు కదా, పొగ కనపడుతుంది. గాలి ఎటు పోతోందో ఇది చెప్తుంది."

దక్షిణం కిటికీ దగ్గర పరదా కాస్త పక్కకి తీసి, గట్టు మీద బత్తి పెట్టింది. ముగ్గురూ పిల్లి ఎలక కోసం కాచుకున్నట్టు నేల మీద కూర్చుని చూశారు. పొగ సన్నటి దారంలా లేచింది. లేచి, కిటికీలోంచి వచ్చిన గాలికి లోపలికి వంగింది. హాలు దాటి తిన్నగా ఉత్తరం వైపు బయల్దేరింది. పిల్ల కళ్ళలో ఆశ మెరిసింది. పొగ అవతలి గోడదాకా వెళ్ళింది, పైకి ఎక్కింది, వెంటిలేటర్ దగ్గర ముదురాకుపచ్చ కుచ్చుల్ని తాకింది. తాకి ఆగింది. తలుపు వేసున్న ఇంటిముందు చుట్టంలా కాసేపు అక్కడే తచ్చాడి, చుట్టలు చుట్టుకుని వెనక్కి వచ్చేసింది.

పిల్ల ఇంజినీరింగు పుస్తకాలన్నీ చదివింది గానీ, పిన్ని కుట్టిన పరదాల మీద పిన్ని ఎదుటే తీర్పు చెప్పడం ఎలాగో ఏ పుస్తకంలోనూ లేదు. బాబాయి తన గోళ్ళని తదేకంగా పరీక్షించుకుంటున్నాడు.

"నా పరదాలు," అంది ఆవిడే, మెల్లగా.

"కొంచెం... కొంచెమే పిన్నీ..."

"కొంచెమేమిటి, కళ్ళెదురుగా కనబడుతుంటే." ఆవిడ భర్త వైపు తిరిగింది. "మీకు తెలుసు కదూ?"

"అంటే... అనుమానం..."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు చిల్లుల గోడకి తగిలించిన రోజునుంచి."

"మరి నోట్లో ఏం పెట్టుకున్నారు?"

"ఆ రోజు నువ్వెంత సంతోషంగా ఉన్నావో నీకు తెలీదు. పాట కూడా పాడావు. నేనెలా చెప్పనే?"

ఆవిడకి కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. చివాల్న లేచి, స్టూలు లాక్కుని ఎక్కింది. ఒక్కో పరదా విప్పి కింద పడేయడం మొదలుపెట్టింది. సాయం చేయబోయిన ఇద్దర్నీ కసిరి దూరంగా నిలబెట్టింది. తను కుట్టింది తనే విప్పుకుంటుంది, ఎవరి జాలీ అక్కర్లేదు. సీసపు గుళ్ళు నేల మీద టపటపమన్నాయి. చిల్లుల గోడ మీది పరదా ఆఖరిది. అది జారగానే మెట్ల మీదనుంచి ఇల్లంతా ఒక్కసారి ఊపిరి తీసుకున్నట్టయింది. దక్షిణం కిటికీలోంచి గాలి వచ్చి, ఆవిడ మెడ వెనక చెమటని తాకి, జుట్టులోంచి దూరి పైకి పోయింది. స్టూలు మీద ఉన్నది ఉన్నట్టే నిలబడిపోయింది ఆవిడ. కళ్ళు మూసుకుంది కూడా.

అంతలో మిషన్ గదిలోంచి ఫరఫరా చప్పుడు. కొలతలకి కత్తిరించి పెట్టుకున్న కాయితాలన్నీ గదంతా ఎగురుతున్నాయి.

"చూశావా, చూశావా! ఇదీ నీ గాలి చేసే నిర్వాకం!" అంటూ ఆవిడ దూకి పరిగెత్తింది. ముగ్గురూ బల్ల కింద, మిషను కింద పాకుతూ కాయితాలు ఏరుకున్నారు. ఏరుతూ ఏరుతూ మొదట ఎవరు నవ్వారో తెలీదు. ఆపేసరికి మాత్రం ముగ్గురికీ పొట్టలు నొప్పెట్టాయి.

అయితే పరదాల్లేని ఇల్లు వీధిలో నిలబడి బట్టలు మార్చుకున్నట్టే కదా. అవతలి డాబా మీద బట్టలారేసుకునేవాళ్ళు తిన్నగా హాల్లోకే చూస్తున్నారు. "గాలి పోవాలి, చూపు పోకూడదు," అంది పిల్ల. ఆ మాట ఆవిడకి పట్టుకుంది. మర్నాడు పల్చటి నూలుగుడ్డ తెచ్చి, కుచ్చులు తగ్గించి, కిటికీకి నడిమి భాగమే మూసేలా కుట్టింది. పైన జానెడు ఖాళీ, కింద బెత్తెడు ఖాళీ. వెంటిలేటర్ల జోలికి పోలేదు. ఒక్కోటీ తగిలించాక తనే దోమలబత్తి వెలిగించి చూసుకునేది. పొగ ఆగితే విప్పి మళ్ళీ కుట్టేది. ఆ వారమంతా ఇంట్లోకి దోమ తొంగిచూడలేదు.

ఆ పరీక్షల్లోనే ఆవిడకి ఇంకో సంగతి దొరికింది. ఎండలు బాగా ముదిరాక, సాయంత్రాలు మిషన్ గది కిటికీలోంచి ఏటవాలుగా ఎండ వచ్చి ఆవిడ చెంప మీద పడుతోంది. ఉత్తరం వైపు ఎండేమిటి? పిల్లని పిలిపించింది.

పిల్ల చూసి నాలిక్కరుచుకుంది. "ఇది నా తప్పే పిన్నీ. ఈ నెలల్లో పొద్దు ఉత్తరానికి జరిగి వాయవ్యంలో కుంకుతుంది. పక్కకి అడ్డం ఒకటి పెట్టాల్సింది. మర్చిపోయాను."

పరదాలావిడ మొహం వెలిగిపోయింది. తప్పులన్నీ తన ఖాతాలోనే లేవన్నమాట! "పోన్లే, దానికేముంది. లోపల లైనింగు పరదా ఒకటి వేస్తా."

"లోపల వద్దు. అద్దం దాటి లోపలికొచ్చాక ఎండ మన చుట్టమైపోతుంది పిన్నీ, పొమ్మన్నా పోదు. బయటే ఆపాలి."

"బయటా? వానకీ ఎండకీ తట్టుకోవద్దూ?" అంటూనే ఆవిడ ఆలోచనలో పడింది. తెల్లారి బజారంతా తిరిగి గట్టి క్యాన్వాసు గుడ్డ తెచ్చింది. మందపు సూది రెండుసార్లు విరిగింది. అంచులకి తాడు దూరేలా ఇత్తడి రింగులు కొట్టించింది, కింద కర్ర దూర్చింది, లోపలనుంచి తాడు లాగితే పైకి చుట్టుకునేలా కుట్టింది. కట్టడానికి ఊతమేదీ అని వెతుకుతుంటే ఆయన గోడ మీద ఏసీ స్టాండుకని బిగించిన బ్రాకెట్లు విప్పుకొచ్చి ఈ కిటికీకి రెండువైపులా దిగ్గొట్టాడు.

"అవి ఏసీవండీ!" అంది ఆవిడ.

"నీ మాట నాకు గుర్తుందిలే. కావాలంటే కొత్తవి నిమిషంలో బిగిస్తా."

సాయంత్రం ఎండ వచ్చే వేళకి ఆవిడ తాడు వదిలింది. క్యాన్వాసు తెర తెరచాపలా జారి నిలబడింది. గదిలో వెలుగుంది, ఎండ లేదు. పిల్ల చప్పట్లు కొట్టి, "పిన్నీ, ఇలాంటివి మా ఆఫీసుకి కుట్టిపెడతావా?" అంది. వేళాకోళమేమో అనుకుంది ఆవిడ. కాదు. నెల తిరక్కుండా ఆఫీసు వాళ్ళు మనిషిని పంపారు. ఆ తర్వాత అద్దాలింటావిడ దిగింది. పరదాలు ఎన్ని వేసినా అద్దాల గది పెనంలా కాలుతోందట, ఏసీ రాత్రీపగలూ తిరుగుతున్నా చల్లబడట్లేదట.

"ఇంకొంచెం మందంగా కుట్టలేరా?" అని అడిగింది.

వెనకటి పరదాలావిడ అయితే గుడ్డల నమూనాలు ముందేసేది. ఇప్పుడు మాత్రం చేతులు కట్టుకుని, "లోపల ఎన్ని వేసినా లాభం లేదండీ. బయట వేద్దాం," అంది. ఆ గొంతు విని మెకానిక్ టీ కప్పు చాటున నవ్వుకున్నాడు.

ఎండాకాలం చివర వానకి ముందు కొన్ని రోజులుంటాయి. మబ్బు దిగి వస్తుంది, చినుకు రాలదు, గాలి ఎక్కడో తాళం వేసుకుని కూర్చుంటుంది. దోమలబత్తి పొగ కర్రలా నిలబడి ఉండిపోతుంది. అలాంటి ఓ మధ్యాహ్నం జిగట చెమటతో చేతిలో సూది జారిపోతుంటే, ఆవిడ మిషను మీదనుంచి లేచింది. ఆ పూట ఆయన ఇంట్లోనే ఉన్నాడు.

"ఏమండీ, పడకగదిలో ఒక్క ఏసీ పెట్టించండి. చిన్నది."

ఆయన ఆవిడ వంక తేరిపార చూశాడు. "నిజంగానా?"

"నిజంగానే. ఇల్లు బాగుంది. చాలా బాగుంది. అయినా గాలే లేని రోజున గాలి కోసం మొహం వాచి కూర్చోలేను. నా మాటే ఆఖరన్నారు."

"అన్నాను." ఆయన అప్పటికే చెప్పుల్లో కాళ్ళు దూర్చేశాడు.

ఫోన్లో సంగతి విన్న పిల్ల చిన్నబుచ్చుకుంది. "అంటే నేను ఓడిపోయినట్టేనా?"

"ఓటమీ లేదు గీటమీ లేదు. ఏడాదిలో ఓ పది పదిహేను రోజులకి కావాలి, అంతే. మిగతా అన్ని రోజులూ నీ ఇల్లే చూసుకుంది. అది చాలక ఏడుస్తున్నావా?"

అవతల చిన్న నవ్వు. "వెంటిలేటర్లకి మూతలు కుట్టు పిన్నీ, చల్లదనం బయటికి పోకుండా. నీకు తెలుసుగా."

"కుట్టడం అయిపోయింది," అంది ఆవిడ.

మర్నాడు పొద్దున ఆయన ఏ ఖాతాదారు ఇంట్లోనూ పెట్టనంత సేపు పెట్టి ఆ ఏసీ బిగించాడు. మట్టం చూసి, దూరంగా వెళ్ళి చూసి, మళ్ళీ దగ్గరికొచ్చి చూసి, "ఇక్కడ బాగుందాండీ? ఇంకాస్త పైకి కావాలా?" అని అలవాటు చొప్పున ఆవిడనే మీరు అనేశాడు. ఆవిడ నవ్వాపుకుని, ఖాతాదారులా నడుం మీద చెయ్యి వేసుకుని, "కాస్త ఎడమకి," అంది. జరిపాక చల్లటి నిమ్మరసం చేతికిచ్చింది.

ఆ మధ్యాహ్నం తలుపులన్నీ మూసుకుని ఆవిడ హాయిగా నిద్రపోయింది. ఆయన హాల్లో గచ్చు మీద తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. సాయంత్రం ఆవిడ లేచేసరికి బయట ఎక్కడో ఉరిమింది. కిటికీ సందులోంచి తడిమట్టి వాసనొచ్చింది. ఆవిడ ఏసీ ఆపేసి, దక్షిణం కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది.

"ఏమండోయ్, లేవండి! గాలొచ్చింది!" అని కేకేసింది.